ఒకే అక్షరం, ఇద్దరు అన్నదమ్ములు

ఉత్తరం: మాస్టారూ, మాది పర్లాకిమిడి. బరంపురంలో ఉంటూ జువాలజీ ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు కాలేజీలో ఇంగ్లీషు. మా పిన్ని కొడుకులు ఇద్దరికీ సికిల్ సెల్ జబ్బు ఉంది. పెద్దవాడు ఏడాదికి ఆరేడుసార్లు ఆసుపత్రిలో చేరతాడు. చిన్నవాడు వీధిలో క్రికెట్ ఆడుకుంటూ తిరుగుతాడు. జబ్బు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. జన్యువులను కంప్యూటర్‌తో పరిశీలించి ఇలాంటివి తెలుసుకుంటారని, దాన్ని కంప్యుటేషనల్ బయాలజీ అంటారని ఈ మధ్యే విన్నాను. అందులో పరిశోధన చేయాలని ఉంది. కానీ ప్లస్ టూలోనే లెక్కలు వదిలేశాను. ప్రోగ్రామింగ్ అసలు రాదు. నాన్నగారిది కిరాణా దుకాణం. బి.ఇడి. చేసి టీచరు ఉద్యోగం చూసుకోమంటున్నారు. మేనమామ కొడుకుతో సంబంధం మాట కూడా ఇంట్లో వస్తోంది. పరిశోధన అంటే ఎన్నేళ్లు పడుతుంది? చివరికి ఉద్యోగం ఉంటుందా? ఊరు వదలక తప్పదా? కృత్రిమ మేధ అన్నీ చేసేస్తున్న ఈ రోజుల్లో ఈ చదువుకు విలువ ఉంటుందా?
– ఒక విద్యార్థిని, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు:

అమ్మా, నా కూతురి వయసుదానివి కనుక నువ్వు అనే రాస్తున్నాను.

ఉద్యోగం గురించి, ఏళ్ల గురించి నువ్వు అడిగినవి ఈ వయసులో అందరూ అడిగేవే. వాటికీ జవాబు చెబుతాను. కానీ పిన్ని కొడుకుల గురించి రాసిన మూడు వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలలో ఎన్నో ఏళ్లుగా కూర్చుంటున్నాను. ఈ రంగంలోకి ఎందుకు రావాలనుకుంటున్నారని అడిగితే, దీనికి మంచి భవిష్యత్తు ఉందని చెప్పేవారే ఎక్కువ. కళ్లెదుట ఒక తేడా చూసి, అది ఎందుకో తెలియక నిద్రపట్టక వచ్చినవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. నీ దగ్గర ఆ తేడా ఉంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

సికిల్ సెల్ జబ్బుకు మూలం పదకొండో క్రోమోజోము మీద, హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ ప్రొటీనును తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం. జన్యువులు ఎ, టి, జి, సి అనే నాలుగు రసాయన అక్షరాలతో రాసి ఉంటాయి. ఇక్కడ ‘ఎ’ ఉండవలసిన చోట ‘టి’ వస్తుంది. దానివల్ల ప్రొటీనులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం బదులు వాలీన్ అనే మరొకటి చేరుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు అలాంటి హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవైన పోగుల్లా మారతాయి, ఎర్ర కణం కొడవలిలా వంగిపోతుంది. ఈ జబ్బు అణువులో ఉన్న లోపమని లైనస్ పాలింగ్ బృందం 1949లో చూపించింది. ఏ ముక్కలో లోపమో ఇంగ్రామ్ 1956, 57 సంవత్సరాల్లో తేల్చాడు. మన దేశంలో ఈ మార్పును 1952లో నీలగిరి కొండల్లో గుర్తించారు.

ఇంతవరకూ నీ పాఠ్యపుస్తకంలో ఉంటుంది. నీ ప్రశ్న ఆ తరువాతి పేజీలో మొదలవుతుంది. ఇద్దరు అన్నదమ్ములకూ అదే అక్షరం మారింది. అయినా ఒకరు ఆసుపత్రిలో, ఒకరు ఆటస్థలంలో ఎందుకున్నారు? దీనికి కొంత జవాబు తెలుసు. తల్లి కడుపులో ఉన్నప్పుడు మనందరిలో వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, దాన్ని పిండ హిమోగ్లోబిన్ అంటారు. పుట్టిన కొన్ని నెలలకు అది దాదాపుగా ఆగిపోతుంది. కొందరిలో మాత్రం పూర్తిగా ఆగదు. అది ఎంత మిగిలితే ఆ పోగులు కట్టడం అంత తగ్గుతుంది. ఆల్ఫా థలసీమియా అనే మరో జన్యు లక్షణం తోడైనా జబ్బు తీరు మారుతుంది. ఒడిశా రోగులలో ఎక్కువగా కనిపించేది అరబ్–ఇండియన్ అని పిలిచే జన్యు నేపథ్యం. అందులో పిండ హిమోగ్లోబిన్ సగటున ఎక్కువగా ఉంటుంది. ఒడిశా రోగుల మీద జరిగిన అధ్యయనం ఒకటి ఈ సంగతిని 1986లోనే ప్రపంచం ముందు పెట్టింది. అయితే సగటు అనే మాట మీ పిన్నికి ఏ ఓదార్పూ ఇవ్వదు. ఆమె పెద్దకొడుకు సగటులో లేడు.

ఇక్కడే నువ్వు చదవాలనుకుంటున్న శాస్త్రం రంగంలోకి వస్తుంది. పెద్దయ్యాక కూడా పిండ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉన్నవారిని, తక్కువగా ఉన్నవారిని తీసుకుని వారి జన్యుక్రమంలో లక్షల చోట్ల అక్షరాలను పోల్చి చూశారు. ఏ చోట అక్షరం మారితే ఈ పరిమాణం మారుతోందో లెక్కగట్టారు. 2007, 2008 సంవత్సరాల్లో ఆ లెక్కలు రెండో క్రోమోజోము మీద బీసీఎల్11ఏ అనే జన్యువు వైపు వేలు చూపించాయి. పిండ హిమోగ్లోబిన్‌ను ఆపేసే స్విచ్చు అదేనని ప్రయోగశాలల్లో రుజువైంది. 2023 చివరలో బ్రిటన్, అమెరికా ఆమోదించిన క్రిస్పర్ (జన్యువులో కోరిన చోట కత్తిరించి మార్చే పద్ధతి) జన్యుచికిత్స సరిగ్గా ఆ స్విచ్చును రోగి సొంత మజ్జ కణాల్లో బలహీనపరుస్తుంది. ఆ చికిత్స ఖరీదు ఈనాటికి మన జిల్లాలకు అందేది కాదు. కానీ దారి చూడు: ఎవరో కొందరు ఎవరి రక్తంలో ఏ అక్షరం ఉందో ఓపికగా పోల్చారు, పదిహేనేళ్ల తరువాత అది మందు అయింది. ఎన్నేళ్లు పడుతుందని అడిగావు కదా, ఈ రంగంలో కాలం ఇలా నడుస్తుంది.

ఇక లెక్కల భయం. నేనూ ప్లస్ టూలో లెక్కలు వదిలి జంతుశాస్త్రంలోకి వచ్చినవాడినే. ఇరవై నాలుగేళ్ల వయసులో సంభావ్యత పుస్తకం మొదటి పేజీ తెరిచాను. నీకు మొదటి లెక్క నేనే ఇస్తాను, నీ ఇంటి లెక్కే.

పిన్ని పిల్లలిద్దరికీ జబ్బు ఉంది, పిన్నికీ బాబాయికీ లేదు. అంటే వాళ్లిద్దరిలోనూ ఆ మార్పు ఒక్కొక్క ప్రతిలో ఉంది, వాహకులు అన్నమాట. పిన్నికి అది మీ అమ్మమ్మ నుంచో తాతయ్య నుంచో వచ్చి ఉంటుంది. వారిలో ఒకరే వాహకులని, మీ నాన్నగారు గానీ మేనమామ భార్య గానీ వాహకులు కారని అనుకుందాం. అప్పుడు మీ అమ్మకు వచ్చి ఉండే అవకాశం సగం. అమ్మ నుంచి నీకు రావడం అందులో సగం, అంటే నాలుగో వంతు. మీ మేనమామకూ సగం, ఆయన కొడుకుకు నాలుగో వంతు. మీరిద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం మళ్లీ నాలుగో వంతు. ఈ మూడింటినీ హెచ్చవేస్తే అరవై నాలుగింట ఒకటి. ఇది ఏ పరీక్షా చేయించుకోకముందు చెప్పగలిగిన మాట. ఇప్పుడు నువ్వు రక్తపరీక్ష చేయించుకున్నావనుకో. వాహకురాలివని తేలితే ఆ సంఖ్య పదహారింట ఒకటి అవుతుంది. కాదని తేలితే సున్నా అవుతుంది. కొత్త సమాచారం రాగానే పాత అంచనా ఎలా మారాలో చెప్పడమే నా వృత్తిలో సగం పని. దానికి పెద్ద పెద్ద పేర్లు, పొడవైన సూత్రాలు ఉన్నాయి. లోపలి సంగతి మాత్రం నువ్వు ఇప్పుడు చేసినదే.

మేనరికాన్ని గురించి ఒక మాట. సంబంధం మంచిదో కాదో చెప్పడానికి నేనెవరిని? నువ్వు ఇష్టపడితే చేసుకుంటావు, లేకపోతే లేదు. కానీ ఇలాంటి జబ్బు ఉన్న కుటుంబంలో మేనరికం మాట వచ్చినప్పుడు జాతకాలకు ముందు హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష ఇద్దరూ చేయించుకోవాలి. బయటి సంబంధమైనా ఈ పరీక్ష మానవద్దు. ఇది సలహా కాదు, పెద్దవాడిగా నా మాట. సికిల్ సెల్ నిర్మూలన జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న మొదలైంది, పరీక్షలు ఆ కార్యక్రమంలో భాగమే. పెద్దబ్బాయి విషయంలో పిండ హిమోగ్లోబిన్‌ను పెంచే హైడ్రాక్సీయూరియా మాత్ర గురించి డాక్టరుగారిని అడగమని పిన్నికి చెప్పు. వేయాలో వద్దో, ఎంత మోతాదో నిర్ణయించవలసింది డాక్టరే. ఇంట్లో ఎవరి రక్తమూ నువ్వు సొంతంగా సేకరించి ఎక్కడికీ పంపవద్దు. నీ ఆత్రం నాకు అర్థమవుతుంది, అందుకే ముందుగా చెబుతున్నాను.

ఈ పని రోజూ ఎలా ఉంటుందో చెబుతాను. బయటివారు అనుకునేట్టు తెర మీద రంగురంగుల అణువులు తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం చాలా తక్కువ. మనిషి జన్యుక్రమంలో దాదాపు మూడువందల కోట్ల అక్షరాలు ఉంటాయి. యంత్రం దాన్ని ఒక్కసారిగా చదవదు. ఎక్కువగా వాడే పద్ధతిలో నూటయాభై అక్షరాల చిన్న చిన్న ముక్కలుగా చదివి కోట్ల ముక్కలు మన చేతిలో పెడుతుంది. ప్రతి ముక్క ఎక్కడిదో గుర్తుపట్టి పేర్చాలి. పేర్చాక ఏ తేడా నిజమైనదో, ఏది యంత్రం చేసిన తప్పో విడదీయాలి. ఆ తరువాతే జీవశాస్త్రం మొదలవుతుంది.

పేర్చడం అంటే ఏమిటో మీ ఊరి పేరుతోనే చూపిస్తాను. తెలుగులో పర్లాకిమిడి, ఒడియాలో పారళాఖేముండి. రెండింటినీ తెలుగు లిపిలో ఒకదాని కింద ఒకటి రాయి. ‘ప’ కింద ‘పా’, ‘ర్’ కింద ‘ర’, ‘లా’ కింద ‘ళా’, ‘కి’ కింద ‘ఖే’, ‘మి’ కింద ‘ము’ వస్తాయి. ఆ తరువాత ఒడియాలో సున్న ఉంది, తెలుగులో లేదు. అక్కడ ఒక ఖాళీ వదిలితేనే చివరి ‘డి’ కింద ‘డి’ కుదురుతుంది. ఖాళీ వదలకపోతే అంతా జారిపోతుంది. కుదిరిన జతకు కొన్ని మార్కులు, దగ్గరి ధ్వనికి కొంచెం తక్కువ, ఖాళీకి కొంత కోత అని నియమం పెట్టుకుని, అన్ని అమరికల్లోనూ ఎక్కువ మార్కులు వచ్చేదాన్ని వెతకాలి. రెండు ప్రొటీన్ల వరుసలకు ఈ వెతుకులాటను తక్కువ శ్రమతో చేసే పద్ధతిని నీడిల్‌మన్, వున్ష్ 1970లో ప్రచురించారు. గళ్ల కాగితం, పెన్సిలు ఉంటే ఒక సాయంత్రంలో నువ్వు చేతితో చేయవచ్చు. చెయ్యి. కంప్యూటర్ జోలికి పోకముందే చెయ్యి.

మీ ఊరి పేరు ఎత్తాక గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తురాక మానరు. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే సవరల భాష నేర్చుకుని, మాటలు పోగుచేసి, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఏళ్ల తరబడి నోటి మాట విని రాసుకోవడం, తప్పు దొర్లిందేమో మళ్లీ అడిగి సరిచూసుకోవడం, ఆ తరువాతే సూత్రం కట్టడం. నా విద్యార్థులకు దత్తాంశం (డేటా) ఎలా సేకరించాలో చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు ఆయనే మనసులో మెదులుతారు.

ఎందుకంటే ఈ పనిలో ఎక్కువ కాలం పోయేది సరిచూసుకోవడానికే. పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగంలో) ఉన్నప్పుడు ఒకసారి రోగులకూ ఆరోగ్యవంతులకూ మధ్య చాలా స్పష్టమైన తేడా కనిపించింది. నాలుగు నెలలు ఆ తేడా చుట్టూ తిరిగాను, వ్యాసం కూడా సగం రాశాను. ఒక రాత్రి ఎందుకో అనుమానం వచ్చి, పురుషుడు అని రాసి ఉన్న ఒక నమూనాలో వై క్రోమోజోముకు చెందిన ముక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కించాను. ఒక్కటీ లేదు. ఇంకో పది చూశాను. నమూనాలు పంపిన చోట రెండు వరుసల గొట్టాలు తారుమారయ్యాయి. ఆ తేడా మొత్తం అబద్ధం. రాసిన వ్యాసం పక్కన పడేశాను. అప్పటినుంచి నా దగ్గరికి ఏ దత్తాంశం వచ్చినా మొదటి రోజు చేసే పని ఆడ, మగ సరిపోతున్నాయా అని చూడటమే. ప్రోగ్రామింగ్ ఎవరైనా నేర్చుకుంటారు. తనకు నచ్చిన ఫలితాన్నే ముందుగా అనుమానించే గుణం అలవాటు చేసుకోవడం కష్టం. అది ఉన్నవారే ఇందులో నిలబడతారని నా గట్టి నమ్మకం.

నేర్చుకోవలసినవి చాలా ఉన్నట్టు కనిపిస్తాయి కానీ అంత లేవు. సంభావ్యత, గణాంకశాస్త్రం బాగా రావాలి. మాత్రికలు, కొంచెం కలనగణితం చాలు. పైథాన్ గానీ ఆర్ గానీ ఒక ప్రోగ్రామింగ్ భాష, లైనక్స్‌లో ఆదేశాలతో పని చేయడం. ఐఐటీలు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, రోజలిండ్ అనే వెబ్‌సైట్‌లో జీవశాస్త్ర సమస్యలనే ప్రోగ్రాములుగా సాధన చేయవచ్చు. రోజుకు రెండు గంటల చొప్పున ఏడాది పెట్టు. ఖరీదైన కోచింగు కోసం నాన్నగారి డబ్బు ఖర్చు చేయించవద్దు.

ఇప్పుడు ఏళ్లూ డబ్బూ. ఇందులో తీపి మాటలు చెప్పను. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో లైఫ్ సైన్సెస్‌లో సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్ష రాయి, గేట్ కూడా రాయి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ ఫెలోషిప్) 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న మొత్తాలు ఇవి. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. ఆ తరువాత పోస్ట్‌డాక్ రెండు నుంచి ఐదేళ్లు. అధ్యాపక ఉద్యోగం వచ్చేనాటికి నీకు ముప్పై మూడో ముప్పై ఐదో వస్తాయి. పీహెచ్‌డీ చేసినవారందరికీ అధ్యాపక ఉద్యోగాలు దొరకవు, దరఖాస్తులతో పోలిస్తే పోస్టులు చాలా తక్కువ. అయితే ఈ రంగంలో ఒక వెసులుబాటు ఉంది. దత్తాంశాన్ని శుభ్రం చేయడం, గణాంకాలు, ప్రోగ్రామింగ్ వచ్చినవారికి జన్యుపరీక్షల కంపెనీలలో, ఔషధ సంస్థలలో, విత్తన పరిశోధనలో, పెద్ద ఆసుపత్రులలో పని ఉంటుంది. నాతో చదివినవారిలో సగానికి పైగా అటు వెళ్లారు. వాళ్లెవరూ ఓడిపోయి వెళ్లినవారు కారు.

ఫెలోషిప్ లేకుండా మాత్రం పీహెచ్‌డీలో చేరవద్దు. సొంత డబ్బుతో, ఆదివారాల్లో చేసే పీహెచ్‌డీ నిన్ను పరిశోధకురాలిని చేయదు. ఫీజు కట్టించుకుని చేర్చుకునే చోట్లు ఎదురవుతాయి, వాటికి దూరంగా ఉండు.

నాన్నగారితో ఎలా మాట్లాడాలో కూడా అడిగినట్టే అనిపించింది నాకు, నువ్వు రాయకపోయినా. పన్నెండేళ్ల ప్రణాళిక ఆయన ముందు పరచవద్దు. కొట్టు నడిపే మనిషికి లెక్క అర్థమవుతుంది. ఎమ్మెస్సీ పూర్తయ్యాక ఒక్క ఏడాది అడుగు. ఆ ఏడాదిలో నెట్ రెండుసార్లు, గేట్ ఒకసారి రాయవచ్చు. ఫెలోషిప్ వస్తే ఆ తరువాత ఆయన మీద భారం ఉండదు, పైగా నెలకు కొంత ఇంటికి పంపగలవు. రాకపోతే బి.ఇడి. చేస్తానని చెప్పు, మనస్ఫూర్తిగా చెప్పు. మా నాన్నగారు బడిపంతులు. నాకు ప్రశ్న అడగడం నేర్పింది ఆయనే. టీచరు ఉద్యోగాన్ని పరిశోధన కన్నా తక్కువగా చూసే మాట నా నోట రాదు.

ఎక్కడ చేరాలి? నేను చదువుకునే రోజుల్లో మన జిల్లాల్లో ఇలాంటి సంస్థ ఒక్కటీ లేదు. బరంపురం స్టేషన్లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్లాను. ఇప్పుడు బరంపురంలోనే ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా, పరిశోధన సంస్థ) ఉంది, 2016లో మొదలైంది. అక్కడ బహిరంగ ఉపన్యాసాలు జరిగితే వెళ్లి వెనక బల్ల మీదైనా కూర్చో, అర్థం కాకపోయినా కూర్చో. భువనేశ్వర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ ఉంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ట్రిపుల్ ఐటీ, బెంగళూరులో ఎన్‌సీబీఎస్, ఐఐఎస్‌సీ, చెన్నైలో ఐఎంఎస్‌సీ, ఢిల్లీలో ఐజీఐబీ ఉన్నాయి. పేర్లు ఇంతటితో ఆపుతాను, ఎందుకంటే సంస్థ పేరు కన్నా గైడు ఎవరన్నది నీ ఆరేళ్లను ఎక్కువగా నిర్ణయిస్తుంది.

గైడును ఎంచుకునే ముందు వారి వ్యాసాలు మూడు చదువు. పూర్తిగా అర్థం కానక్కరలేదు, వాళ్లు అడిగే ప్రశ్న నీకు ఆసక్తి కలిగిస్తోందా అన్నది చూడు. ఆ వ్యాసాల్లో మొదటి పేరు విద్యార్థిదేనా, ఆ విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో వెతుకు. ప్రస్తుత విద్యార్థులతో గైడు లేని చోట మాట్లాడు. పీహెచ్‌డీ ఎన్నేళ్లకు పూర్తయింది, సెలవు అడిగితే ఏమంటారు, తప్పు జరిగిందని చెబితే ఎలా తీసుకుంటారు అని నేరుగా అడుగు. ఆడపిల్లలు ఆ ల్యాబులో ఎంతమంది ఉన్నారో, ఎంతమంది మధ్యలో మానేశారో కూడా అడుగు. జవాబు చెప్పడానికి తడబడితే అదే జవాబు.

కంప్యూటర్ పని తెలిసినవారికి ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది, దీన్ని నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. ప్రయోగాలు చేసేవారు తమ దత్తాంశం తెచ్చి, కొంచెం చూసిపెట్టమంటారు. ఆ కొంచెం మూడు నెలలవుతుంది. నేను విదేశంలో పోస్ట్‌డాక్‌గా ఉన్నప్పుడు ఒక పెద్ద అధ్యయనానికి రెండేళ్లు విశ్లేషణ మొత్తం చేశాను. వ్యాసం వచ్చినప్పుడు నా పేరు ఇరవై పేర్ల మధ్యలో ఎక్కడో ఉంది. ఎవరూ నన్ను మోసం చేయలేదేమో, మొదట్లో ఎవరి వాటా ఎంతో ఎవరూ మాట్లాడుకోలేదు, అంతే. అయినా ఆ రెండేళ్లు నా దరఖాస్తుల్లో కనిపించలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. నా విద్యార్థులు ఎవరితో కలిసి పనిచేసినా మొదటి సమావేశంలోనే పేర్ల వరుస మాట్లాడుకోమంటాను. మరొకటి, ఇతరులకు చేసిపెట్టే పనితో పాటు నీది అనదగిన ప్రశ్న ఒకటి ఎప్పుడూ నీ దగ్గర ఉండాలి. అది లేకపోతే ఎంత నైపుణ్యం ఉన్నా మరొకరి ప్రశ్నకు పనిముట్టుగా మిగిలిపోతావు. నీకు అది చదువు మొదట్లోనే దొరికింది. అందుకే ఇంత పొడవుగా రాస్తున్నాను.

కృత్రిమ మేధ విషయానికి వస్తే, అది వచ్చేసింది, దాన్ని వాడటం నేర్చుకోవాలి. ప్రొటీను వరుసను బట్టి దాని ఆకారం చెప్పే ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రామును రూపొందించినవారికి 2024లో రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం దక్కింది. కానీ అది నేర్చుకున్నది దేని నుంచి? 1971లో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో వేలమంది ప్రయోగాలు చేసి దాచిన ఆకారాల నుంచి. అది చెప్పిన ఆకారం నమ్మదగినదో కాదో చూసేటప్పుడు 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్. రామచంద్రన్ బృందం ఇచ్చిన, ప్రొటీను గొలుసు ఏయే కోణాల్లో వంగగలదో చూపే పటాన్ని ఇప్పటికీ వాడుతున్నాం. నీ తమ్ముళ్ల తేడాకు కారణం చెప్పాలంటే ఒడిశా రోగుల జన్యుక్రమాలు, వారి ఆరోగ్య వివరాలు పక్కపక్కన కావాలి. లేని దత్తాంశం నుంచి ఏ యంత్రమూ నేర్చుకోలేదు. జీనోమ్ ఇండియా పథకం కింద పదివేల మంది భారతీయుల జన్యుక్రమాలను 2025 జనవరిలో ఫరీదాబాద్‌లోని దత్తాంశ కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. అది మంచి ఆరంభం. రోగుల వివరాలతో కూడిన పని ఇంకా ఎంతో మిగిలి ఉంది.

ఆ పని చేసేటప్పుడు నీ మూడు భాషలు ఎంత అక్కరకు వస్తాయో ఇప్పుడు నీకు తెలియదు. ఇంగ్లీషు తక్కువని బాధపడుతున్నట్టు నీ ఉత్తరం చెబుతోంది. రోజుకు ఒక పేరా రాయి, రెండేళ్లలో ఆ భయం పోతుంది. కానీ గజపతిలోనో రాయగడలోనో ఒక తల్లి దగ్గర కూర్చుని, నీ బిడ్డ రక్తం ఎందుకు అడుగుతున్నామో, దానితో ఏం చేస్తామో, ఇవ్వనంటే ఏ నష్టమూ ఉండదని ఆమె భాషలో చెప్పగలిగినవారు పెద్ద సంస్థల్లో చాలా తక్కువ. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు సమ్మతి ఎలా తీసుకోవాలో వివరంగా చెబుతాయి. సంతకం పెట్టించుకోవడం ఎవరైనా చేస్తారు. అర్థమయ్యేట్టు చెప్పడం కొందరే చేస్తారు. సవరలతో మాట్లాడవలసి వస్తే నాలుగో భాష కూడా నేర్చుకో.

ఊరు వదలాలా అన్నావు. వదలాలి, కొన్నేళ్లు. నీకు తెలియనివి తెలిసినవారి మధ్య ఉండకుండా ఈ చదువు రాదు. తిరిగి రాగలవా అంటే, నాకన్నా నీకు అవకాశం ఎక్కువ. విదేశం వెళ్లినవారు తిరిగి రావడానికి రామలింగస్వామి, రామానుజన్ ఫెలోషిప్పులు ఉన్నాయి, ఇక్కడే ఉన్నవారికి ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ వంటివి ఉన్నాయి. అవి చాలా దూరం మాట, ఇప్పుడు తల బరువెక్కించుకోవద్దు. మధ్యలో నీ ఆసక్తి సికిల్ సెల్ నుంచి మరో దాని వైపు, జయపురం కొండల్లోని పాత వరి రకాల వైపో మరోదాని వైపో మళ్లినా తప్పు లేదు. పిన్నికి మాత్రం ఏ మాటా ఇవ్వవద్దు. నీ పరిశోధన వల్ల పెద్దబ్బాయికి నయమవుతుందని ఆమె ఆశ పెట్టుకుంటే, ఆ బరువు నీ పనినీ వంచుతుంది, నిన్నూ వంచుతుంది. వాడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు వెళ్లి పక్కన కూర్చో. అది పరిశోధన పూర్తయ్యేదాకా ఆగనవసరం లేదు.

ఈ వారం చేయడానికి ఒక పని ఇస్తాను. జన్యుక్రమాలను అందరికీ అందుబాటులో ఉంచే ఎన్‌సీబీఐ వెబ్‌సైట్‌లో హెచ్‌బీబీ అని వెతికి, మనిషి బీటా గ్లోబిన్ జన్యువులో ప్రొటీనుకు సంకేతమిచ్చే భాగాన్ని దించుకో. 444 అక్షరాలు ఉంటాయి. పైథాన్‌లో పది పంక్తులు చాలు: వాటిని మూడేసి అక్షరాలుగా విడగొట్టి, వరుస సంఖ్య వేసి అచ్చు వేయించు. ఇరవయ్యో అక్షరం ‘ఎ’ అయి ఉంటుంది. దాన్ని ‘టి’గా మార్చు. జీఏజీ పోయి జీటీజీ వస్తుంది, మీ తమ్ముళ్లిద్దరిలోనూ ఉన్న అక్షరం అదే. అయితే ఇందాక నేను ఆరో స్థానం అన్నాను, నీ పుస్తకంలోనూ ఆరు అనే ఉంటుంది. నీ ప్రోగ్రాము మాత్రం ఏడు చూపిస్తుంది. పుస్తకమూ తప్పు కాదు, నీ ప్రోగ్రామూ తప్పు కాదు. ఆ ఒకటి తేడా ఎక్కడినుంచి వచ్చిందో ఎవరినీ అడగకుండా కనుక్కుని నాకు మళ్లీ ఉత్తరం రాయి.